స్టాలిన్ దగ్గర లేచిపోయిన సారు

మొన్న ఆదివారం నల్లగొండ రామగిరిలో ఒక మిత్రుడి ఇంట్లో ఆరుగురం కూర్చుని సినిమా చూశాం. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎండ పడుతుందని కట్టానన్నాడు ఇంటాయన. పక్క మేడ మీద బట్టలు ఆరేయడానికి వచ్చే వాళ్లకు గోడ మీద బొమ్మ కనపడొద్దని కట్టాడని మా అందరికీ తెలుసు. సినిమా ‘డబ్ల్యూ.ఆర్.: మిస్టరీస్ ఆఫ్ ది ఆర్గానిజం’. దుషాన్ మకవెయెవ్ 1971లో యుగోస్లావియాలో తీశాడు. సబ్‌టైటిళ్లు ఇంగ్లిషులో ఉన్నాయి కాబట్టి చదివి తెలుగులో చెప్పే పని నాకు పడింది.

మాలో పెద్ద, రిటైరైన సారు. డెబ్బై దాటాయి. ఉపాధ్యాయ సంఘంలో జీవితమంతా పనిచేశారు. ఆయన వస్తాననడమే మాకు ఆశ్చర్యం. "ఇందుల అన్నీ ఉంటయట గద?" అని ఒకసారి అడిగారు. ఉంటాయి సార్ అన్నాను. "ఉండనీ" అని ముందు కుర్చీలో కూర్చున్నారు. సినిమా మొదలైన కాసేపటికే బట్టల్లేని ఆడా మగా తెర మీదికొచ్చారు. నా గొంతు తడబడింది, వెనక కుర్రాళ్లు కదలడం మానేశారు. సారు మాత్రం కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. బెల్‌గ్రేడులో ఒక పాత అపార్ట్‌మెంటు వరండాలో నిలబడి మిలెనా అనే అమ్మాయి ఉపన్యాసం ఇస్తుంటే, ఎదురు వరండాల నిండా జనం చేరి వింటుంటే, "మన మీటింగు లెక్కనే ఉన్నది" అని సంతోషపడ్డారు కూడా. ఆ అమ్మాయి చెబుతున్నది సోషలిజానికీ శరీర సుఖానికీ శత్రుత్వం లేదని. నేను అనువాదం చేశాను. ఆయన తల ఊపారు.

సినిమా సగం దాటాక న్యూయార్కులో ఒక శిల్పి ఒకాయన అంగానికి అచ్చు పోసే దృశ్యం ఉంది. సారు దాన్నీ చూశారు. ఆ అచ్చు మీద బొమ్మ తెగి, వెంటనే స్టాలిన్ నడుచుకుంటూ వచ్చాడు. సారు లేచారు. "ఇది గాదు బిడ్డా" అని చెప్పుల కోసం వెతుక్కున్నారు. గేటు దాకా వెంట వెళ్లాను. "బట్టలు లేకుంటె లేకపాయె. ఆయనను గట్ల ఎందుకు చూపియ్యాలె?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే దెబ్బ తగిలిన బాధే ఎక్కువ వినపడింది.

వారం నుంచి నేను ఆలోచిస్తున్నది ఆ లేచిపోవడం గురించే.

తెర మీద నడిచింది స్టాలిన్ కాదు. 1946లో సోవియట్ స్టూడియో స్టాలిన్‌ను పొగుడుతూ తీసిన సినిమాలో ఆయన వేషం వేసిన గెలోవాని అనే నటుడు. మకవెయెవ్ దాన్ని కొత్తగా తీయలేదు. ముందు ఒకటి పెట్టి, వెనక ఇది అతికించాడు. అంటే సారును నొప్పించింది చూసిన వస్తువు కాదు, రెండు వస్తువుల మధ్య ఉన్న అతుకు. ఒంటిని విడిగా చూడగలిగారు, నాయకుణ్ణి విడిగా ఎన్నిసార్లైనా చూడగలరు. రెండూ ఒక దాని పక్కన ఒకటి ఉండటాన్ని ఓర్చుకోలేకపోయారు.

యుగోస్లావియాలో జరిగిందీ ఇదే. నోవిసాద్‌లోని నియోప్లాంటా అనే సంస్థ తీసిన సినిమా అది. అక్కడ దాన్ని తప్పుపట్టిన వాళ్లలో నాజీలతో పోరాడి వచ్చిన మాజీ పార్టిజాన్లు ఉన్నారు. బూతు సినిమా అని ఎవరన్నా, ఆ దేశపు హాళ్లలో ఒంటి మీద బట్టలు లేని పశ్చిమ దేశాల సినిమాలు ఆడుతూనే ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం 1980ల రెండో సగం దాకా అక్కడి జనానికి అందలేదు. మకవెయెవ్ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ మాజీ పార్టిజాన్లను వెక్కిరించే హక్కు నాకు లేదు. మా సారులాగే వాళ్లూ ప్రాణంగా నమ్ముకున్న బొమ్మ అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సినిమా బూతు కాదు. మా జిల్లా వాళ్లు, ముఖ్యంగా కమ్యూనిస్టు ఉద్యమం ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లు, తప్పనిసరిగా చూడాల్సిన సినిమా. ఉద్యమంలో కోరికకు చోటెక్కడ అని అది అడిగే ప్రశ్నను మా ఆడవాళ్లు ఎప్పుడో అడిగారు. వాళ్లకు జవాబు రాలేదు.

మాటలు లేని చోటు

అనువాదం చేస్తున్నప్పుడు నాకొక సంగతి తెలిసొచ్చింది. మిలెనా మాట్లాడేదంతా స్త్రీ పురుషుల సుఖం గురించి. ఆ సుఖానికి పతాక స్థాయిలో ఉండే అనుభవానికి తెలుగులో ఏమనాలి? వారపత్రికల్లో డాక్టర్ల శీర్షికల మాట ఒకటుంది, భావప్రాప్తి. ఆ మాట ఎవరూ ఇంట్లో అనరు, నోట్లో అతకదు. బస్టాండు గోడల మీది మాటలు వేరే ఉన్నాయి, అవి ఒకరిని తిట్టడానికి పుట్టినవి. ఈ రెంటికీ నడుమ, ఒక ఆడమనిషి నాన్న వయసు మనిషి ముందు కూర్చుని మామూలుగా, గౌరవంగా అనగలిగే మాట నాకు దొరకలేదు. మూడు చోట్ల "అదే" అని సరిపెట్టాను. ఒకచోట అసలేమీ చెప్పలేదు. పీజీ చదివే అమ్మాయి నన్ను చూసి, "అక్కా, ఒక లైను వదిలేసినవ్" అంది.

ఉద్యమానికి తన సొంత మాటలున్నాయి. స్త్రీ పురుష సంబంధాలు. నైతిక విలువలు. వ్యక్తిగత బలహీనత. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఇవి వింటూ పెరిగాను. భూమి గురించి మాట్లాడేటప్పుడు కంకి, గెట్టు, కౌలు, నాగు, వెట్టి అని మట్టి వాసన వచ్చే మాటలు మాట్లాడిన మనుషులే, ఈ విషయానికి వచ్చేసరికి సర్క్యులర్ చదివినట్టు మాట్లాడేవారు. వడ్డీకి ఇచ్చిన ధాన్యానికి మాట ఉండి కోరికకు మాట లేని చోట, నాగు మీద మీటింగు పెట్టొచ్చు, కోరిక మీద పెట్టలేం. దాని మీద జరిగేది విచారణే.

నాయినమ్మ అక్షరాలు

మా నాయినమ్మది సూర్యాపేట దగ్గరి ఊరు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు ఉత్తరాలు మోసింది, పచ్చిగడ్డి మోపులో పెట్టి. ఇది మా బంధువులందరికీ తెలిసిన కథ, పెళ్లిళ్లలో చెప్పుకునే కథ. ఇంకో కథ నాకు ఒక్కసారే చెప్పింది. 1998లో నాకు సంబంధాలు చూస్తున్నారు. నేను వద్దంటున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మీద చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ, ఎవరూ లేని సమయం చూసి మొదలుపెట్టింది.

దళంలో ఒకతను ఆమెకు చదువు చెప్పేవాడట. పేరు చెప్పలేదు. "పలక లేదు. ఇసుకల రాసేటోడు." రోజుకు రెండు మూడు అక్షరాలు. పది పన్నెండు రోజులకు ప ఫ బ భ మ దాకా వచ్చింది. ఆ రాత్రి ఎవరో చూసి పైకి చెప్పారు. చింత చెట్టు కింద కూర్చోబెట్టి అడిగారు. చదువు చెప్పడమేనా, ఇంకేమైనా ఉందా అని. ఉందో లేదో ఆమె నాకు చెప్పలేదు. "ఏం లేదని చెప్పిన" అని మాత్రం అంది. తెల్లారేసరికి అతన్ని వేరే దళానికి పంపారు. మళ్లీ కనపడలేదు. నాలుగు నెలలకు పార్టీ వాళ్లే మా తాతతో పెళ్లి కుదిర్చారు. తాత మంచివాడు. ఆమె ఆ మాట రెండుసార్లు అంది.

చింతపండు పీచు ఒకటి తీసి అరుగు మీద ‘మ’ రాసింది. "ఇక్కడి దాకనే వస్తది నాకు" అంది.

అప్పుడు నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. పేపరు పట్టుకుని కూర్చుంటే కొన్ని మాటలు గబగబా చదివేది. మరికొన్ని దగ్గర ఆగిపోయి నన్ను పిలిచేది. ఆమెకు కళ్లు కనపడవని అనుకునేదాన్ని. య ర ల వ రావు ఆమెకు. తర్వాత దాదాపు యాభై ఏళ్లలో ఎవరైనా నేర్పి ఉండొచ్చు, తాత నేర్పి ఉండొచ్చు. వద్దంది. పింఛను కాగితాల మీద చివరిదాకా వేలిముద్రే వేసింది.

ఆమె ఒక్కతే కాదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేశారు. సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు ఉన్నదున్నట్టు అచ్చయిన పుస్తకం. అడవిలో ఉండగా పసిబిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మ మాటలు అందులో ఉన్నాయి. తుపాకులు దించాక ఇంటికి పొండి, వంట చేసుకోండి అన్నట్టు చూశారనే బాధ అందులో ఉంది. ఆ పుస్తకం మా ఇంట్లో ఉండేది. ఇంటికొచ్చే పెద్దమనుషులు పేజీలు తిప్పి, "ఇవన్ని ఇప్పుడెందుకు తవ్వుడు" అనేవారు. ఎవరూ నిషేధించలేదు దాన్ని. అల్మారాలో వెనక వరసలోకి పోయింది, అంతే.

సారు చెప్పిన మాట

మంగళవారం సారే ఫోన్ చేశారు. సినిమా గురించి కాదన్నట్టు మొదలుపెట్టి అక్కడికే వచ్చారు. నాయినమ్మ సంగతి ఆయనకు అప్పుడు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "అప్పుడు ఒక దిక్కు రజాకార్లు, ఇంకో దిక్కు మిలిట్రీ. ఆడపిల్ల కమ్యూనిస్టులల్ల వోతె చెడిపోతదని దొరలు ఊరూరా చెప్పిచ్చేటోళ్లు. గందుకే కట్టుబాటు పెట్టిండ్రు. పెట్టకుంటె ఒక్క ఆడపిల్లన్న వచ్చేదా?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆ రోజు అరుగు మీద నాయినమ్మ కూడా ఇదే అంది. "ఆ కట్టుబాటు లేకుంటే మా నాయిన నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు" అని. గడీల్లో ఆడవాళ్లకు ఏం జరిగేదో తెలిసిన ఊళ్లు ఇవి. తుపాకి పట్టుకున్న మగవాళ్ల మధ్య రాత్రిళ్లు పడుకోవాల్సిన ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ కట్టుబాటు కాపలా కూడా. నియమం లేకపోతే ముందు నలిగేది వాళ్లే. సినిమాలో మిలెనా మాట్లాడే స్వేచ్ఛ 1949లో అడవిలో ఉన్న పిల్లకు ఏం చేసేదో నేను ధైర్యంగా చెప్పలేను.

కాబట్టి 1949ని నేను తప్పుపట్టడం లేదు. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. మిలిట్రీ పోయింది, దొరలు పట్నం పోయారు, పార్టీ ఆఫీసులకు పక్కా బిల్డింగులు వచ్చాయి. కోరిక అనే ఆ ప్రశ్న మీద పెట్టిన కాపలా మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. యుద్ధకాలం నియమాన్ని శాంతికాలంలో సంస్కారం అన్నారు. వాయిదా వేసిన విషయాన్ని ఎప్పుడు తీసుకోవాలో రాసిపెట్టుకోకపోతే అది రద్దయినట్టే. మకవెయెవ్ కోపం కూడా ఇక్కడే ఉందని నా నమ్మకం. విప్లవం గెలిచి పాతికేళ్లు దాటిన దేశంలో కూర్చుని తీశాడు ఆ సినిమాను.

దొర కోరిక, మిలెనా కోరిక

ఇంటాయన అడిగింది వేరే ప్రశ్న. "ఇంత చూపియ్యాల్నా అక్కా? నర్సింగరావు గారు ‘దాసి’ల ఏం చూపిచ్చిండు? ఏం చూపియ్యకుంటనే గుండె పిండలేదా?"

నిజం. 1988లో వచ్చిన ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. దొరసాని వెంట దాసిగా వచ్చిన ఆడబాప కమలాక్షి. దొర పిలిస్తే పోవాలి, దొర ఇంటికొచ్చిన చుట్టం పిలిస్తే పోవాలి, కడుపు వస్తే తీయించుకోవాలి. ఆ వేషం వేసిన అర్చన ముఖం, ఆ గడీ వసారాలు, ఆమె నడిచే చప్పుడు, అంతే. ఒక్క ఒంటి ముక్క చూపించకుండా ఒంటి మీద జరిగే రాజకీయమంతా చెప్పిన సినిమా. చాలా ఏళ్లు నా కొలబద్ద అదే. చూపించకపోవడమే కళ అనుకున్నాను.

ఇప్పుడు అనుకోవడం లేదు. ‘దాసి’లో ఉన్న కోరిక దొరది. కెమెరా అక్కడ కళ్లు తిప్పుకోవడమంటే దొర కళ్లతో కమలాక్షిని చూడను అని తేల్చిచెప్పడం. అది న్యాయం. మిలెనా సంగతి అది కాదు. ఆమె కోరిక ఆమెదే. దాని మీద దుప్పటి కప్పితే ఎవరిని కాపాడినట్టు? చింత చెట్టు కింద కూర్చున్న కమిటీని. దొర కోరికను కప్పిన మర్యాదే ఆడదాని కోరికనూ కప్పితే, రెండూ ఒకటే అని మనం ఒప్పుకున్నట్టు అవుతుంది. అత్యాచారానికీ ఇష్టానికీ తేడా లేదన్నట్టు అవుతుంది.

ఇంకొక వాదన కూడా వచ్చింది, గుడి గోడల మీద లేవా అని. ఒక కుర్రాడు అన్నాడు. నాకు ఆ వాదన ఎప్పుడూ నచ్చదు. గుడి శిల్పం ఎవరినీ ఏమీ అడగదు. అది ఉందని ఇంకొకటి ఒప్పు కాదు.

నాకు నచ్చనివి

సినిమాలో నాకు మింగుడుపడనివి ఉన్నాయి. విల్హెల్మ్ రైక్ మీద దానికి ఉన్న ప్రేమ ఒకటి. సినిమా పేరులోని డబ్ల్యూ.ఆర్. అతనే. ఫ్రాయిడ్ శిష్యుల్లో ఒకడు, జర్మనీలో కార్మికుల మధ్య లైంగిక విద్య కోసం పనిచేసినవాడు, కమ్యూనిస్టులు వెళ్లగొట్టారు, మనోవిశ్లేషకులు వెళ్లగొట్టారు, నాజీల నుంచి పారిపోయాడు. 1956లో అమెరికా ప్రభుత్వం అతని పుస్తకాలు తగలబెట్టింది. 1957లో జైల్లో చనిపోయాడు. ఇంతవరకూ నా గుండె అతని వైపే. కానీ ఆర్గోన్ అనే విశ్వశక్తి ఉందని, పెట్టెలో కూర్చుంటే అది ఒంట్లో చేరుతుందని అతను చెప్పింది విజ్ఞాన శాస్త్రం కాదు. పుస్తకాలు తగలబెట్టడం నేరమే, పెట్టె మాత్రం పనిచేయదు. సినిమా ఈ రెంటినీ విడదీసి చూపదు. సుఖం దొరికితే ఫాసిజం పోతుందన్నట్టు ఒక ఆశ దాని నిండా ఉంది. సుఖంగా సంసారం చేసుకుంటూ పక్కవాడి గుడిసె కాల్చిన మనుషులను మనం చూశాం.

రెండోది పీజీ అమ్మాయి అడిగింది. మిలెనా ఒక సోవియట్ స్కేటింగ్ కళాకారుణ్ణి ప్రేమిస్తుంది. పేరు వ్లాదిమిర్ ఇల్యిచ్. మంచులో నిలబడి అతను సంగీతం గురించి మాట్లాడతాడు. బీతోవెన్ వింటే మనుషుల తలలు నిమరాలనిపిస్తుంది, ఈ కాలంలో తలలు నిమరకూడదు, కనికరం లేకుండా మొత్తాలి అని. లెనిన్ అన్నట్టుగా గోర్కీ రాసిన మాటలు అవి. ఆమె అతని మీద చేయి వేస్తుంది. చెంప మీద కొడతాడు. ఆ రాత్రి వాళ్లు ఒకటవుతారు, తర్వాత స్కేటు బ్లేడుతో ఆమె తల నరుకుతాడు.

"ఆ తల ఆమెదే ఎందుకు కావాలె అక్కా?" అని అడిగింది అమ్మాయి. "ఆయన చెప్పాల్సిన రాజకీయానికి మళ్ల ఆడదాన్నే చంపాల్నా?" సినిమా మొదట్లో మిలెనా సిద్ధాంతం చెబుతుంటే, ఆమె గదిలో ఉండే జగోదా ఏ సిద్ధాంతమూ లేకుండా ఒక సైనికుడితో హాయిగా ఉంటుంది. ఆమెకు ఏమీ కాదు. మాట్లాడిన ఆమె తలే పోయింది. అమ్మాయి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మకవెయెవ్ దగ్గర ఉందని కూడా అనుకోను. మగవాళ్లు తీసిన ఎన్ని మంచి సినిమాల్లో చివరి మాట చెప్పడానికి ఆడ శవం కావాల్సి వచ్చిందో తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

అయినా ఆ తల ఊరుకోదు. ట్రేలో పెట్టిన తల కళ్లు తెరిచి మాట్లాడుతుంది. వ్లాదిమిర్‌ను తిడుతుంది, ఆ తర్వాత, నా కమ్యూనిస్టు గతానికి ఇప్పటికీ సిగ్గుపడను అంటుంది. ఆ వాక్యం దగ్గర నా అనువాదం ఆగిపోయింది. నాకు నాయినమ్మ కనపడింది. అన్నీ చెప్పి, పీచుతో రాసిన ‘మ’ను అరచేత్తో తుడిచేసి, "పార్టీని ఏమనకు. మనుషులం చేసింది మమ్ముల" అంది ఆ రోజు. చనిపోయేదాకా కంకి కొడవలికే ఓటేసింది. ఆమె అడిగిన ప్రశ్న పార్టీ మీద ద్వేషంతో అడిగింది కాదు. తనది అనుకున్న ఇంట్లోనే ఒక గదికి తాళం ఎందుకుందని అడిగింది.

నిన్న సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర సారు కనపడ్డారు. మందుల షాపు ముందు నిలబడి ఉన్నారు. పలకరించాక కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి అడిగారు.

"ఆ పిల్లను సంపుతరట గద ఆఖరికి?"

"అవును సార్. తల మాట్లాడుతది."

"ఏమంటది?"

చెప్పాను. సారు మందుల కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. పెన్‌డ్రైవులో వేసి ఇవ్వనా సార్, ఇంట్లో చూస్తారా అన్నాను.

"ఇంట్ల వద్దు బిడ్డా. కోడలు ఉంటది, మనవరాలు ఉంటది" అన్నారు. రెండు అడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగారు. "నీ దగ్గర్నే చూస్త. మొదటికెల్లి వద్దు. స్టాలిన్ దగ్గరికెల్లే పెట్టు."